టైలరు విసిరిన వల

గాలానికి గుచ్చే ఎర చేపలకు చిన్న వల చాలని బావ చెబుతున్నా, టైలరు తన ఎత్తుకు మించిన వలనే ఎందుకు కొన్నాడు? ఇప్పటికీ అంతుబట్టదు. "బట్టయినా వలయినా కాస్త వదులుగా ఉండాలి బావా" అనేవాడు. ఇవాళైనా ఎర పడితేనే పడవలో చోటని బావ తేల్చేశాడు.

టైలరు వల అంచును పళ్లతో కరిచిపట్టి, నడుము తిప్పి విసిరాడు. విసిరేటప్పుడు నోరు తెరవాలని బావ ఎంత మొత్తుకున్నా, జన్మంతా దారం కరిచిన నోరు తెరుచుకుంటుందా? కట్టుడు పళ్లు వలతోపాటే ఎగిరిపోయాయి. వల మాత్రం మొదటిసారి గుండ్రంగా విచ్చుకుంది. పైకి లాగితే గిలగిలలాడే చిట్టి చేపల పక్కనే పళ్ల సెట్టు, అంచును ఇంకా కరుచుకునే ఉంది.

"నీకంటే నీ పళ్లే నయంరా, పట్టింది వదల్లేదు! ఎక్కు పడవ."

టైలరు పళ్లు జేబులో వేసుకుని పడవెక్కాడు. గట్టు మీద నుంచి భార్య చెయ్యూపుతున్నా, వెళ్లొస్తానని కూడా అనకుండా, పెదాలు బిగించుకుని వెళ్లిపోయాడు.