బండి వెనుక పెట్టె, రాజమల్లు మేస్త్రి

ధర్మపురి నరసింహస్వామికి వేయి దండాలు. పిలిస్తే స్తంభంలోంచి పలికిన తండ్రివి, మా సిరిసిల్ల మరమగ్గాల, మేమనే సాంచెల, మోతలోనూ నువ్వే పలుకుతున్నావు. తెలిసి పిలిచినా, తెలియక పిలిచినా వినే చెవి నీది. ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చోబెట్టిన నీ దయకు ముందుగా మొక్కి, ఆ తరువాతే నా సంగతి మొదలుపెడుతున్నాను.

ఈ ఉదయం మా ఇంటి ముందు బండి వెనుక పెట్టెకు పట్టా బిగిస్తుంటే, బిగింపు పిడి కటకటమని చప్పుడు చేసింది. ఇనుము, తడిసిన రబ్బరు కలిసిన వాసన ముక్కుకు తగిలింది. ఆ చప్పుడు, ఆ వాసన కలిసి వచ్చినప్పుడల్లా కోరుట్ల రాజమల్లు మేస్త్రి నా పక్కన నిలబడ్డట్టే ఉంటుంది. "కండ్లతోని జూస్తే ఏం దెలుస్తది బిడ్డా? చెయ్యి పెట్టి సూడు" అంటాడు. ఆయన పోయి ఏడాది దాటింది. నేను మాత్రం ఇంకా చెయ్యి పెట్టే చూస్తున్నాను.

మాది భజన మండలి. పన్నెండుమంది ఆడవాళ్ళం. కండెలు చుట్టేవాళ్ళు, బీడీలు చేసేవాళ్ళు, కూతుళ్ళ పెళ్ళిళ్ళు చేసి ఇంటిపట్టునే ఉండిపోయినవాళ్ళు. నేను భాగవతం చదివి అర్థం చెబుతాను. అందరం కలిసి ఒక పాత వ్యాను కొనుక్కున్నాం. లోపల కొన్ని సీట్లు తీసేసి పడుకునేందుకు చెక్కలు వేయించాం. సత్రాల కోసం వెతుక్కోకుండా, ఎక్కడ చెట్టు నీడ ఉంటే అక్కడ వండుకుని, అందులోనే నడుం వాల్చి, క్షేత్రాలు తిరగాలని మా ఆశ. వంటసామాను లోపల పెడితే మనుషులకు చోటు చాలదు. అందుకని వెనుక తలుపు పక్కన ఉన్న ఇనుప చట్రం మీద పెద్ద రేకుపెట్టె పెట్టి, తాడుతో నేనే కట్టాను.

ఆ తాడు మా సాంచెల దగ్గర మిగిలిన పాలిస్టర్ పోగులతో పేనింది. వేసిన ముడి నేతవాళ్ళ ముడి. తెగిన పోగును అతకడానికి మా అమ్మ నాకు ఏడేళ్ళప్పుడు నేర్పిన ముడి. బట్టలో ఎక్కడ వేశానో వెతికినా కనబడదు, లాగితే పోగు తెగుతుందే తప్ప ముడి ఊడదు. నాకు దాని మీద ఎంత నమ్మకమంటే, డ్రైవరు సత్తయ్య "అక్కా, ఇంకో తాడు ఏద్దామా?" అని అడిగితే, "నరసింహస్వామి దగ్గరికి పోతున్నం, ఆయనే సూసుకుంటడు" అన్నాను.

వేములవాడ దాటాం, చందుర్తి దాటాం. పాటల్లో ఉన్నాం. కోరుట్ల ఇంకా రెండు మైళ్ళుందనగా రోడ్డు మీద గుంత వచ్చింది. వెనుక ఏదో పగిలినట్టు చప్పుడు. బండి ఆపి దిగి చూస్తే మా పెట్టె నడిరోడ్డు మీద బోర్లా పడి ఉంది. గిన్నెలు చెల్లాచెదరుగా దొర్లుతున్నాయి. దానికి నాలుగు అడుగుల దూరంలో ఒక స్కూటరు పక్కకు ఒరిగి ఉంది. భార్యాభర్తలు మట్టిలో పడ్డారు. ఆయన మోచేయి గీరుకుపోయింది. ఆమెకు దెబ్బ తగల్లేదు. కానీ లేవకుండా అక్కడే కూర్చుని, ఆ పెట్టె వంకే చూస్తోంది.

నేను చేతులు జోడించి, "దేవుడు కాపాడిండు" అన్నాను.

రోడ్డు పక్కన వెల్డింగు షెడ్డులోంచి ఒకాయన చెంబు పట్టుకుని వచ్చాడు. బక్కపల్చని మనిషి. అద్దాలు నుదుటి మీదికి తోసి ఉన్నాయి. ముందు ఆమెకు నీళ్ళు తాగించాడు. ఆమె భర్త మోచేయి కడిగాడు. అప్పుడు నా వైపు తిరిగాడు.

"దేవుడు కాపాడిండు, సరే. పడేసిందెవలు?"

ఇన్నేళ్ళ సత్సంగంలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది.

ఆయనే రాజమల్లు. తెగకుండా ఊడిపోయిన తాడును చేతిలోకి తీసుకుని కొసలు తిప్పి చూశాడు. "నేతోళ్ళ బిడ్డవా?" అన్నాడు. అవునన్నాను. "ముడి మంచిదే. జాగ తప్పు. సాంచె మీద పోగు ఎప్పటికీ బిగుసుకునే ఉంటది, అందుకే ఊడది. బండి మీద తాడు గుంతకోపారి బిగుస్తది, ఇంకోపారి వదులైతది. వదులైనప్పుడల్లా ముడి ఇంత ఇంత జారుతది. చందుర్తి కాడ్నుంచి నీ ముడి జారుకుంటనే అచ్చింది. మీరు పాటలు పాడుకుంటున్నరు."

ఆ రోజు ధర్మపురి పోలేదు. తిరుగు దారిలో లింగవ్వ గట్టిగా చెప్పేసింది. ఆమె మా మండలిలో అందరికంటే పెద్దది, పుట్టి బుద్ధెరిగి వేములవాడ తప్ప ఏ క్షేత్రం చూడనిది. "మనం మొక్కుకు పోయి ఎవలో ఇంటి దీపం ఆర్పేటోళ్ళం. గీ బండి నేను మల్ల ఎక్క. అమ్మెయ్యిన్రి" అంది. మిగతావాళ్ళు తల ఊపారు. ఆమె ఎక్కకపోతే ఎవరూ ఎక్కరు. బండి పోతే మా యాత్రలు అక్కడితో సరి. పెట్టె సరిగ్గా బిగించాక ఒక్కసారి, ఒక్కసారి మాత్రం చూడమని వాళ్ళను బతిమాలి, సత్తయ్యతో కలిసి బండిని మళ్ళీ కోరుట్లకు తీసుకుపోయాను.

రాజమల్లు పదిహేనేళ్ళు మస్కట్‌లో ఉండి వచ్చినవాడు. ఎడారిలో డేరాలు వేసుకుని తిరిగే షేకుల బండ్లకు పెట్టెలు, నీళ్ళ ట్యాంకులు బిగించడం అక్కడ ఆయన పని. "ఇసుక దిబ్బలు ఎక్కి దుంకుతయ్ ఆ బండ్లు. గాడ నిలిస్తే ఏడనైనా నిలుస్తది" అనేవాడు. నన్ను కుర్చీలో కూర్చోనివ్వలేదు. పానా నా చేతికే ఇచ్చాడు. బరువైన గిన్నెలు, బియ్యం అడుగున, తేలికవి పైన. గ్యాసు బుడ్డి మాత్రం గాలి ఆడే జాలీలో, పొయ్యికి దూరంగా, నిలువుగా. నేను రేకుకే బోల్టు వేయబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. "అంగీకి గుండీ కుట్టేకాడ లోపల ఇంకో మడత ఎందుకు పెడ్తరు?" అన్నాడు. "గుడ్డ చినగకుండ" అన్నాను. "మరి రేకు గుడ్డ కాదా?" లోపలి వైపు మందపాటి ఇనుప పట్టీ పెట్టించి, బోల్టును దానిలోంచి దించి, రబ్బరు బిళ్ళ వేసి, నట్టు మీద ఇంకో నట్టు బిగించాడు. అంతా అయ్యాక పైనుంచి అడ్డంగా పట్టా.

ఆయన దండం పెట్టుకోవడం నేను ఒక్కనాడూ చూడలేదు. ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక అడిగాను, "మేస్త్రీ, నీకు భక్తి లేదా?" అని. పానా తుడుచుకుంటూ అన్నాడు: "నేను బిగించిన దాని ఎన్క ముక్కు మొకం దెలువనోళ్ళు వందమంది అస్తరు. గా భయం ఉంది. భక్తంటే ఏందో నువ్వే జెప్పాలె, చదువుకున్నదానివి." ఆ భయాన్నే మా సత్సంగంలో భక్తి అని వేరే మాటల్లో చెప్పుకుంటామని ఆ వేళ నాకు తట్టలేదు. ఇంటికి వచ్చి పుస్తకం తెరిచాక తట్టింది.

బయలుదేరే రోజు పంచాంగం చూసి ముహూర్తం పెట్టింది నేనే. అందరూ బస్సులో కోరుట్లకు వచ్చారు. లింగవ్వ కూడా వచ్చింది, కానీ బండి ఎక్కకుండా షెడ్డు ముందు రాయి మీద కూర్చుంది. గడియ దగ్గరపడింది. రాజమల్లు చివరిసారి పెట్టెను రెండు చేతులతో ఊపాడు. ఆగాడు. మళ్ళీ ఊపి, చెవి పెట్టి విన్నాడు.

"దించాలె" అన్నాడు. "ఒక బోల్టుకు మర అరిగింది. నేనే సూసుకోలే. తప్పు నాదే."

పెట్టె దించి మళ్ళీ ఎక్కించడమంటే రెండు గంటల పని. లింగవ్వ లేచింది. "ముంగట రాహుకాలం ఉంది, మంచి గడియ దాటిపోతది!"

"గడియ మంచిదే అవ్వా, బోల్టే మంచిగ లేదు" అన్నాడాయన. పానా పట్టుకుని నా వంక చూశాడు. "నీ బండి. నువ్వు జెప్పు."

ఆ గడియ నేను పెట్టింది. పదకొండుమంది నా ముఖం చూస్తున్నారు. నాకు మాత్రం మట్టిలో కూర్చుని పెట్టె వంక చూస్తున్న ఆ స్కూటరు మీది ఆమె కనబడింది. "దించు మేస్త్రీ" అన్నాను. సామాను నేనే తీయడం మొదలుపెట్టాను. కాసేపటికి ఎవరో సంచిలోంచి చేతితాళాలు తీశారు. ఆ వెల్డింగు షెడ్డులో, ఇనుప ముక్కల మధ్య, పని అయ్యేదాకా భజన చేశాం. ఆయన తాళం తప్పకుండా సుత్తితో కొడుతుంటే ఆడవాళ్ళు నవ్వారు.

బయలుదేరేటప్పుడు ఊడిపోయిన ఆ పాత తాడు ముక్కను, నా ముడితో సహా, బండి లోపల కొక్కేనికి వేలాడగట్టాడు. "పారెయ్యకు" అన్నాడు. "ఆరు మైళ్ళు పోయినంక ఆపు. కొత్త పట్టా సర్దుకుంటది. చెయ్యి పెట్టి సూడు."

జగిత్యాల దారిలో ఆరు మైళ్ళ దగ్గర ఆపాం. చెయ్యి పెట్టాను. నిజంగానే పట్టా వేలెడు వదులైంది. బోల్టులు మాత్రం కదల్లేదు. పట్టా బిగించి వెనక్కి తిరిగితే లింగవ్వ నా వెనకే నిలబడి ఉంది. తనూ పెట్టె మీద చెయ్యి వేసి, బలమంతా పెట్టి ఊపింది. అది కదల్లేదు. "పా, పోదాం" అని బండెక్కి, వెనుక సీటులో, సరిగ్గా ఆ పెట్టె పక్కనే కూర్చుంది. ఆ సాయంత్రం గోదావరిలో మునిగి లేచి స్వామిని చూసి చిన్నపిల్లలా ఏడ్చింది.

ఆ తరువాత ఎన్ని క్షేత్రాలు తిరిగామో లెక్క పెట్టలేదు. ఈ రోజు మళ్ళీ ధర్మపురికే. కోరుట్లలో ఆ షెడ్డు ఇప్పుడు మూసి ఉంది, అయినా అక్కడ ఒకసారి ఆపి, చెయ్యి పెట్టి చూసుకునే ముందుకు పోతాం. బయలుదేరే ముందు నేను చేసే ప్రార్థన కూడా మారింది. ఒకప్పుడు మమ్మల్ని చల్లగా చేర్చమని అడిగేదాన్ని. ఇది చదివే మీరూ ఒక్క క్షణం కళ్ళు మూసుకుని నాతో అనండి: స్వామీ, రాజమల్లు మేస్త్రిని నీ దగ్గర ఉంచుకో. ఏ పని చేసినా రెండోసారి చెయ్యి పెట్టి చూసుకునే భయాన్ని మాకు ఇవ్వు. మా వెనుక వచ్చే, మేము ముఖమైనా చూడనివాళ్ళను, మా చేతుల నుంచి నువ్వు కాపాడు.