కడిగి తూచమన్న సారు

మా కెమిస్ట్రీ సారు పోయారని మొన్న ఖమ్మం నుంచి కబురొచ్చింది. బస్సెక్కి కూర్చున్నాక గానీ ఏడుపు రాలేదు. డిగ్రీలో ఉండగా ఆయన మీద అలిగి వారం రోజులు మాట్లాడలేదు నేను. ఇనుము తుప్పును పరీక్షించే ల్యాబులో ఉద్యోగం చేస్తూ ఇవాళ నేను తింటున్న అన్నం ఆ అలక పుణ్యమే.

ఆ ఏడు జిల్లా సైన్సు ప్రదర్శనకు మా కాలేజీ నుంచి ఒక్కరినే పంపుతామన్నారు. నాకేమో వెళ్ళాలని ప్రాణం కొట్టుకునేది. పినపాక దగ్గర మా మేనత్త అడవంచున బట్టీ పెట్టి నిమ్మగడ్డి నూనె తీసేది. ఆ నూనె కలిపితే యాసిడ్ ఉక్కును తినడం తగ్గుతుందేమో చూద్దామన్నది సారే. రెండు గాజు గ్లాసుల్లో పల్చటి యాసిడ్ పోసి, ఒకదాంట్లో నూనె చుక్కలు వేసి, నంబర్లు గీకి తూచిన ఉక్కు రేకుల్ని దారంతో వేలాడదీశాం.

మర్నాడు నూనె లేని రేకు బరువు తగ్గింది. నూనెలోది తగ్గలేదు సరికదా, కాస్త పెరిగింది. నీ నూనె ముందు యాసిడ్ ఓడిపోయిందని మేనత్తకు కార్డు కూడా రాసేశాను.

సారు ఆ రేకును వాసన చూశారు.

"కడిగినవా?"

"నీళ్లతోటి కడిగిన సార్."

"నీళ్లకు నూనె పోతదా? పైన తేలిన నూనె, రేకు తీసేటప్పుడు అంటుకున్నది. నువ్వు తూచింది మీ అత్త నూనెను."

మళ్ళీ చేస్తే గానీ పేరు పంపనన్నారు.

"రేపే ఆఖరు రోజు గద సార్."

"తరాజుకు మొహమాటం లేదమ్మా. మనకే ఉంటది."

ప్రదర్శనకు వేరే అమ్మాయి వెళ్ళింది. వారం తర్వాత ల్యాబులో అడుగుపెడితే, నా బల్ల మీద కొత్త రేకులు గరుకు కాగితంతో రుద్ది సిద్ధంగా ఉన్నాయి. నూనె తేలకుండా స్పిరిట్‌లో కలిపి పోయడం ఆయనే చూపించారు. ఈసారి స్పిరిట్‌తో కడిగి, ఆరబెట్టి తూచాం. నూనెలోని రేకూ తగ్గింది, కానీ నూనె లేనిదానికంటే తక్కువ.

"గిది నిజం. గింత చాలు," అన్నారు. యాసిడ్ ఓడలేదు, కొంచెం నెమ్మదించింది అని మేనత్తకు ఇంకో కార్డు రాసేదాకా వదల్లేదు.

ఇప్పటికీ రిపోర్టు మీద సంతకం పెట్టేముందు ఆ తరాజు మాట గుర్తొచ్చి చెయ్యి ఆగుతుంది. ఆ సంగతి ఆయనకు ఒక్కసారైనా చెప్పలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మొన్న వాళ్ళింటికి వెళ్ళేసరికి సారు భార్య ఆయన స్కూటర్ తాళంచెవి నా చేతిలో పెట్టారు. దానికి వేలాడుతున్నది నా మొదటి రేకు, నేను గీకిన నంబరుతో సహా.

"ఎన్నడు తీయనియ్యలే బిడ్డా," అన్నారు.

వాసన చూశాను. నూనె ఎప్పుడో పోయింది. ఆయన వేళ్లు తగిలి తగిలి అంచులు మాత్రం నున్నగా మెరుస్తున్నాయి.