వెర్లిన్ పేరు మీద కుక్క మాత్రలు

వెర్లిన్ స్టిడమ్ ముప్పై ఒక్క ఏళ్లు బొగ్గు గనిలో వంగి పనిచేశాడు. దాంతో నడుము అరిగిపోయింది కానీ నోరు అరగలేదు. ఆయన ఎప్పుడో పట్టిన చేప ఏటా ఒక జానెడు పెరిగేది. పూటకో నొప్పి మాత్ర వేసుకుంటే ఆదివారం చర్చిలో రెండు గంటలు నిలబడగలిగేవాడు. మా చర్చిలో వాయిద్యాలు ఉండవు. ఒకరు నిలబడి చరణం ముందుగా పలికి అందిస్తే మిగతా వాళ్లం సాగదీసి పాడతాం. ఇరవై ఏళ్లుగా అందించేది వెర్లినే. గొంతు తుప్పు పట్టిన గేటులా ఉండేది, అయినా ఆయన ఎత్తుకుంటే కళ్లు తుడుచుకోని వాళ్లు లేరు. భార్య పోయాక ఆయనకి మిగిలింది ఆ పాటా, పిప్ అనే కుక్కా.

పిప్‌కి మూర్ఛ. పశువుల డాక్టరు దానికి రాసింది మనుషులు కూడా వేసుకునే మాత్రే. ఇలా అలవాటైపోయే మందు ఎవరు కొన్నా రాష్ట్ర ప్రభుత్వం జాబితాలోకి ఎక్కుతుంది. కుక్క మందైతే యజమాని పేరు మీద ఎక్కుతుంది. క్లినిక్‌లో నర్సు ఒలీటా ఆ జాబితాని విడిగా తెరిచి వరసగా చదివేది. పశువుల డాక్టరు పేరు కనపడితే నవ్వుకుని వదిలేసేది.

ఒలీటా రిటైరైంది. పోయిన చలికాలం ఆ జాబితాని రోగుల ఫైళ్లలోనే కలిపేశారు. ఇప్పుడు ఎవరూ చదవక్కర్లేదు, ఫైలు తెరవగానే, ఆ మనిషి మందులకి బానిసయ్యే ప్రమాదం ఎంతో చెప్పే అంకె ఒకటి పైన కనపడుతుంది. కుక్క మాత్రలు కూడా కలిసి వెర్లిన్‌ది ఎర్రగా వచ్చింది.

ఆయన్ని నా ట్రక్కులో తీసుకెళ్లింది నేనే. కొత్త డాక్టరమ్మ కంప్యూటర్ తెర వైపే చూస్తూ అడిగింది. "ఇంకో డాక్టరు దగ్గర కూడా తీసుకుంటున్నారా, స్టిడమ్ గారూ?"

"అవి నా కుక్కవమ్మా."

ఆమె అప్పుడు తల తిప్పి ఆయన్ని చూసింది.

"అబద్ధాలాడతాను, లేదనను. చేపల గురించి ఆడతాను. కుక్క గురించి ఆడను."

ఆమె పశువుల డాక్టరుకి ఫోన్ చేసింది, నమ్మింది కూడా. కానీ అంకె ఎర్రగా ఉంటే నొప్పి మాత్రలు రాయకూడదని క్లినిక్ నిబంధనట. ఆవిణ్ణి తిట్టలేను. ఈ మాత్రలు మింగి పోయిన ముగ్గుర్ని మా లోయలోనే పూడ్చాం. జాబితా సరిచేయమని రాష్ట్ర ఆఫీసుకి ఫోన్ చేస్తే, పద్ధతి ప్రకారమే ఎక్కింది, అందులో సరిచేయడానికి తప్పేమీ లేదన్నారు. కుక్క మందు ఆగితే అంకె దానంతటదే దిగుతుందట. ఈలోగా వెర్లిన్ మాత్రలు కొద్దికొద్దిగా తగ్గించి ఆపేస్తారట.

ఇంటికొస్తూ, పిప్‌ని నా పేరు మీద పెట్టేద్దాం బాబాయ్ అన్నాను.

"నీకూ ఎర్ర అంకె వస్తే, రేపు పన్ను పీకించుకున్నాక ఏం మింగుతావురా? ఆ పళ్లకి ఎలాగూ ఎన్నాళ్లో లేదు."

అయితే కుక్క మందు ఆపుతావా అని అడిగాను.

"మానేస్తే రెండ్రోజుల్లో కొట్టుకుని చస్తుందది. నేను చావనుగా."

పిప్ మాత్రలు పిప్‌కి అందుతూనే ఉన్నాయి. వెర్లిన్ మాత్రలు ఏప్రిల్‌లో అయిపోయాయి.

తర్వాతి ఆదివారం బల్ల పట్టుకుని లేచాడు. కుర్చీ వేస్తానన్న వాళ్లని కసిరాడు. మొదటి చరణం అందించాడు, పాడాం. రెండోది అందించాడు. మూడోదానికి నోరు తెరిచాడు, మాట రాలేదు. మొహమంతా చెమట. అలాగే కూర్చుండిపోయాడు.

ఆ మూడో చరణం అక్కడ పిల్లలకి కూడా వచ్చు. కానీ ఒకరు అందించకుండా పాడటం మాకు అలవాటు లేదు. ఆయన మళ్లీ లేస్తాడేమోనని అందరం నోరు మూసుకుని కూర్చున్నాం.