పద్మక్క కంప్యూటర్‌ను ఎవరూ వాడటం లేదట

పొద్దున కంఠేశ్వర్‌లో శుభలేఖలు డిజైన్ చేసే పద్మక్క దుకాణానికి వెళ్లి, ఆమె పాత కంప్యూటర్‌ను నడిపే లినక్స్ సాఫ్ట్‌వేర్‌కు అప్‌డేట్ పెట్టి, పూర్తయ్యేదాకా ఆగకుండా వచ్చేశాను. ఏటా దసరాకు అక్క బొట్టు పెట్టి పూజ చేసే కంప్యూటర్ అది. మధ్యాహ్నానికే ఫోన్. అక్షరాలు ఉబ్బిపోయి, తెర మీద పెళ్లికొడుకు పేరొక్కటే పడుతోందట. నందిపేట్ పెళ్లివాళ్లకు రేపే కార్డులు ఇవ్వాలి.

వెళ్లి చూస్తే, అందులో తెర మీద బొమ్మ చూపించే గ్రాఫిక్స్ కార్డును నడిపే ప్రోగ్రామ్‌ను, అంటే డ్రైవర్‌ను, లినక్స్ తయారుచేసేవాళ్లు కొత్త వెర్షన్‌లో తీసేశారు.

"ఎందుకు తీసిండ్రు?" అంది అక్క.

"గా పాత కార్డు ఇప్పుడు ఎవ్వలు వాడుతలేరంట అక్కా."

"నేను వాడుతున్న గద. తీసేముందల ఒక్కమాట అడగొద్దా?"

నాకూ ఒళ్లు మండింది. పాత కంప్యూటర్ పారేయాల్సిన పని లేదని చెప్పి ఈ లినక్స్ పెట్టించింది నేనే మరి. పాత వెర్షన్ మళ్లీ ఎక్కించి, ఆ లినక్స్ వాళ్లకు నాలుగు మాటలు రాద్దామని, వాడేవాళ్లందరికీ వాళ్లు పంపే పాత మెయిళ్లు వెతికాను.

అడిగారు. ఈ కార్డు ఇంకా ఎవరైనా వాడుతుంటే చెప్పండని పోయిన ఏడాదే అడిగారు. ఆ మెయిల్ నాకూ వచ్చింది. చదివి ఊరుకున్నాను.

ఈ సంగతి అక్కకు ఇంకా చెప్పలేదు. మీరైతే చెబుతారా?