బాక్సుల్లో కురిసిన వాన

ఆ రోజుల్లో నాకు తెలిసిన సంగీతం గోరంత, నేను సంగీత దర్శకుణ్ణన్న నమ్మకం కొండంత. ఇరవై మూడేళ్లు నాకు. పెళ్లిళ్లలో కీబోర్డు వాయించేవాణ్ణి (భోజనాలకు పిలిచేదాకా నా వాయింపు ఎవరో ఒకరు వినేవాళ్లు, ఆ తరువాత నేను, గోడలు). మా నాయన మాత్రం నా పాట ఒక్కటైనా కూర్చుని విన్నది లేదు. "ఆ పెట్టె మూసిపెట్టి చేనికి రారా" అనేవాడు. కోపం కాదది. వరసగా పంటలు ఎండిన మనిషి చెవికి వాన కబురు తప్ప ఇంకేదీ ఎక్కదని నాకప్పుడు తెలియదు.

ఆ ఏడు శింగనమల చెరువు నిండింది. నాకు బళ్లో బొమ్మలు నేర్పిన డ్రాయింగ్ సార్‌కు ఆనందం పట్టలేక ఒక ఆలోచన వచ్చింది. చుట్టుపక్కల జనమంతా పొద్దుగూకే వేళకు కట్ట మీద వరసగా నిలబడాలి. అందరి చేతుల్లో సెల్‌ఫోన్ లైట్లు, వాటికి రంగు కాగితాలు. పిల్లనగ్రోవి వినపడితే ఎర్ర జట్టు లైట్లు ఎత్తాలి, డప్పు వినపడితే పసుప్పచ్చ జట్టు, రెండూ కలిస్తే ఆడవాళ్ల నీలం జట్టు. వెలుగంతా నీళ్లలో పడాలి. దానికి పాట కట్టే పని నాకు అప్పగించారు. "సులువుగా కట్టప్పా. జనానికి ఎప్పుడు ఎత్తాల్నో తెలిస్తే చాలు. ఇంకేమీ ఎక్కియ్యొద్దు" అని సార్ మరీ మరీ చెప్పారు.

నేను ఎక్కించాను. వారం ముందు పడిన వానకు మా పంచలో నిలబడి ఫోనులో పట్టుకున్న ఉరుము నా దగ్గర ఉంది. చెరువు నిండిన పండుగకు ఉరుము లేకపోతే ఎట్లా? రిహార్సల్స్ అన్నీ అయ్యాక, ఆ రోజు పొద్దున, ఎవరికీ చెప్పకుండా పాట చివర అతికించేశాను. ఆ ఉరుము వెనక సన్నగా ఇంకేదో గొంతు ఉన్నట్టు అనిపించింది గానీ, నా చిన్న ఇయర్‌ఫోన్లలో అది గాలి చప్పుడేమోలే అనుకున్నాను.

సాయంత్రం కట్ట నిండా జనం. పట్నం నుంచి వచ్చిన పెద్దలకు ఒక పక్క కుర్చీలు వేశారు. మైకుసెట్టు మామ తన దగ్గరున్న పెద్ద బాక్సులన్నీ కట్ట చివర పేర్చాడు. పాట మొదలైంది. ఎర్ర లైట్లు లేచాయి, పసుప్పచ్చవి లేచాయి, నీళ్లలో రంగులు ఊగాయి. నాకు ఒళ్లు పులకరించింది. అప్పుడు ఉరిమింది. చీకటి పడుతున్న ఆకాశం కింద, ఆ నీళ్ల మీదుగా, నిజం ఉరుము కంటే నిజంగా ఉరిమింది. దాని వెనకే మామ బాక్సుల్లో ఒక ఆడగొంతు కట్టంతా మారుమోగింది: "పట్టలు కప్పండప్పో! శెనిక్కాయలు తడుస్తాండాయి!"

అది మా అమ్మ గొంతు. నీలం జట్టులో నిలబడిన అమ్మ బిత్తరపోయి "నేనీడే ఉండానే! ఆడ అరిసేది ఎవరు?" అంది. వినేవాళ్లేరీ? కట్ట కింద కళ్లాల్లో వేరుశనగ కాయలు ఆరబోసి ఉన్నాయి. వారం కిందటి వానకే కొన్ని బూజు పట్టాయి. అందరికంటే ముందు పరిగెత్తింది మా నాయన. ఆయన వెనక ఎర్రజట్టు, పసుప్పచ్చ జట్టు, నీలం జట్టు, చేతుల్లో లైట్లతో సహా కట్ట దిగి పొలాల్లోకి చెల్లాచెదురయ్యాయి. పైనుంచి చూస్తే నేల మీద రంగుల చుక్కలు చల్లినట్టు ఉంది. కుర్చీల్లోని పెద్దలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. సార్ కళ్లు తుడుచుకుంటూ "ఏమప్పా, ఇదంతా నువ్వు అనుకొని చేసిందేనా?" అన్నారు. "ఔను సార్" అన్నాను (ఆ అబద్ధానికి నన్ను ఇప్పటికైనా క్షమించాలి).

కాసేపటికి నాయన రొప్పుతూ, ఒళ్లంతా దుమ్ముతో కట్టెక్కి వచ్చాడు. ఆయన తలెత్తి చుక్కలు చూశాడు.

"యాడరా వాన?"

"బాక్సుల్లో, నాయనా. నేనే పెట్టినా."

నాయన తలగుడ్డ విప్పి, ముఖం తుడుచుకుని, కట్ట రాయి మీద చతికిలబడ్డాడు.

"కాయలు కప్పొచ్చినాలే. మళ్ల మొదులుకాడ్నుంచి వెయ్యి, విందాం."

మామ మళ్లీ వేశాడు. తిరిగొచ్చిన జనం ఎవరి పక్కన ఎవరో తెలియకుండా కలిసిపోయి నిలబడ్డారు. ఈసారి ఉరిమినప్పుడు కట్టంతా నవ్వింది. నాయన నవ్వలేదు. కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు.

మొన్న చెరువు మళ్లీ నిండితే మళ్లీ నన్నే అడిగారు. ఇప్పుడు నాకో చిన్న స్టూడియో ఉంది, పని తెలుసు. ఎక్కడ ఏ వాయిద్యం ఆపాలో తెలిసి శుభ్రంగా కట్టాను. ఒక్క లైటు కూడా తప్పు లేవలేదు. "శానా నీటుగా ఉండాది" అన్నారందరూ. ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టిన నాయన మాత్రం సగంలోనే హాయిగా గురక పెట్టాడు. ఆ పెద్దాయన్ను లేపకుండా పక్కనే నిలబడి, వద్దన్న ఉరుమును దొంగతనంగా పాటలో దూర్చిన ఆ ఇరవై మూడేళ్ల తొందరగాణ్ణి తలుచుకున్నాను. వాడికి నా అంత పని రాదు, నిజమే. కానీ మా నాయనను అంత వేగంగా పరిగెత్తించడం నాకు ఇక చేతకాదు.