కెప్టెన్ వీపు మీద జిప్పు

గుండీలమ్మకి కోపం ముక్కు మీదే ఉంటుందని వీధి వీధంతా అంటుంది. అది అన్యాయం. ముక్కు మీద కళ్ళద్దాలుంటాయి, కోపానికి అక్కడ చోటెక్కడిది? ఆమె కోపం ఉండేది పెదాల మధ్య, గుండుసూదులతో పాటు. సూదులు నోట్లో ఉన్నంతసేపూ ఎవరినీ ఏమీ అనదు. అవి తీసి సూదుల దిండుకి గుచ్చిందంటే మాత్రం ఎదుటివాళ్ళు ఒకడుగు వెనక్కి వేస్తే మంచిది.

ఆమె దుకాణం ఒక్కటే గది. ప్యాంట్ల అంచులు మడవడం, నడుములు వదులు చెయ్యడం, పాడైన జిప్పులు మార్చడం, ఊడిన గుండీలు కుట్టడం ఆమె పని. కిటికీలో సీసాల నిండా రంగురంగుల గుండీలుంటాయి, ఆ పేరు అలా వచ్చింది. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. పడుచు వయసులో యూనిఫాంలు కుట్టే ఫ్యాక్టరీలో చేరితే అక్కడ ఏళ్ళ తరబడి చొక్కాలకి ఎడమ చేతులు మాత్రమే కుట్టించారు. కుడి చేతులు పక్క బల్ల వాళ్ళవి. "సగం సగం మనుషులకి కుట్టి కుట్టి విసుగెత్తింది, ఇక మొత్తం మనిషికి కుడతా," అని బయటికొచ్చి ఈ దుకాణం పెట్టుకుంది. పెళ్ళి చేసుకోలేదు. వద్దనుకుంది, అంతే, దాని వెనక కన్నీళ్ళ కథలేమీ లేవు. బల్బు మార్చాలన్నా బీరువా జరపాలన్నా ఎవరినీ పిలవదు. "నా చేతులు నాకున్నాయి," అనేది ఆమె ఊతపదం.

ఎదురింట్లో అన్నయ్యా వదినా ఉంటారు. అన్నయ్య లిఫ్టులు బాగుచేసే పనిలో రిటైరయ్యాడు. వదిన స్కూలు బస్సు నడుపుతుంది. రోజంతా పిల్లల గోల విని విని ఆవిడకి గట్టిగా మాట్లాడటం అలవాటైపోయింది, గుసగుస కూడా వీధి చివరికి వినబడుతుంది. శుక్రవారం సాయంత్రమైతే గుండీలమ్మ దుకాణం మూసి, తన కప్పు తను పట్టుకుని, వీధి దాటి వెళ్ళి వదిన పక్కన సోఫాలో కూర్చుంటుంది. టీవీలో 'నీలి కక్ష్య' వస్తుంది. అన్నయ్య కుర్చీలో నిద్రపోతాడు.

'నీలి కక్ష్య' అంటే అంతరిక్షంలో దారి తప్పిన ఒక నౌక, దాన్ని ఇల్లు చేర్చాలని చూసే ఒక ముసలి కెప్టెన్. అది మొదటిసారి వచ్చినప్పుడు వదినా మరదళ్ళిద్దరికీ తల్లో ఒక్క తెల్ల వెంట్రుక లేదు. తర్వాత ఎన్నిసార్లు మళ్ళీ వేస్తే అన్నిసార్లూ చూశారు. మాటలన్నీ కంఠతా వచ్చు. గుండీలమ్మకి ఆ కెప్టెన్ అంటే ప్రాణం. ఆయన ఎవరినీ ఏదీ అడగడు. గాయమైతే కట్టు తనే కట్టుకుంటాడు. ప్రమాద ఘంట మోగగానే కోటుకి ఎడమ భుజం నుంచి ఏటవాలుగా దిగే గుండీలు ఒక్కొక్కటే పెట్టుకుంటూ గదిలోంచి వస్తాడు చూడండి, ఆ నడక కోసం ఆమె ప్రాణమిస్తుంది. ఆ కోటు ఆమె ఎప్పుడో కుట్టుకుంది. ఏటా లైబ్రరీ హాల్లో జరిగే అభిమానుల సమావేశానికి అదే వేసుకుని వెళ్తుంది, చప్పట్లు కొట్టించుకుని వస్తుంది.

అలాంటిది, కొత్త 'నీలి కక్ష్య' వస్తోందని తెలిస్తే ఎలా ఉంటుంది? ఆ వారం గుండీలమ్మ కాళ్ళు నేల మీద లేవు. ఒకాయన ప్యాంటుకి రెండు కాళ్ళూ రెండు పొడవుల్లో మడిచింది కూడా.

తీరా శుక్రవారం వచ్చింది. తెరంతా చీకటి.

"వీళ్ళ నౌకలో బల్బులు అయిపోయాయా?" అంది గుండీలమ్మ.

"ష్, ఆగు," అంది వదిన.

కొత్త కెప్టెన్ వచ్చింది. చిన్న వయసు అమ్మాయి. పరవాలేదు, అమ్మాయైతే ఏం, అనుకుంది గుండీలమ్మ. ఆ అమ్మాయి నవ్వింది. కెప్టెన్ నవ్వడమా? సరే, అదీ పరవాలేదు. అప్పుడా అమ్మాయి అటు తిరిగింది. మెడ నుంచి నడుము దాకా వీపు మీద జిప్పు!

"వెనక జిప్పా?" గుండీలమ్మ కప్పు కింద పెట్టేసింది. "వదినా, నువ్వే చెప్పు. ఆ నౌకలో ప్రమాద ఘంట మోగిందనుకో. ఈ పిల్ల ఏం చేస్తుంది? చెయ్యి వెనక్కి పెట్టి గింగిరాలు తిరుగుతుందా? ఒక్కతే వేసుకోలేని బట్ట కెప్టెన్‌కి ఎవడు కుట్టాడు?"

అన్నయ్య ఒక కన్ను తెరిచాడు. "ఆ నౌకలో లిఫ్టు తాడు అరిగింది. శబ్దం విను," అని మళ్ళీ మూసుకున్నాడు.

రెండో శుక్రవారం కూడా గుండీలమ్మ జిప్పు జపం మానలేదు. కథలో ఎవరో చనిపోతుంటే ఇక్కడ ఈవిడ గుండీల గురించి, కాజాల గురించి మాట్లాడుతోంది. ఎంత ఓపికైనా ఎంతసేపని ఉంటుంది? వదిన టీవీ ఆపేసింది.

"అమ్మాయ్, నాకిది నచ్చింది. నన్ను చూడనీ."

"నచ్చిందా? మన ముసలాయన్ని మర్చిపోయావా?"

"నిజం చెప్పనా? ఆ ముసలాయన నాకెప్పుడూ నచ్చలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఎవరికైనా థాంక్స్ చెప్పాడా? ఎవరైనా చెయ్యందిస్తే పట్టుకున్నాడా? నీ పక్కన కూర్చోవడం నాకిష్టం, అందుకని చూశాను. అచ్చం నువ్వూ అంతే. మోకాలు నొప్పితో నెల రోజులు కుంటుకుంటూ తిరిగావు, బస్సులో డాక్టర్ దగ్గరికి దింపుతానంటే వద్దన్నావు. నాకు బాధేసింది, తెలుసా?"

గుండీలమ్మ లేచింది. తన కప్పు తీసుకుని వీధి దాటి వెళ్ళిపోయింది.

మూడో శుక్రవారం ఆమె వెళ్ళలేదు. దుకాణంలో దీపం ముందు కూర్చుని ఎవరిదో జేబు కుట్టింది, విప్పింది, మళ్ళీ కుట్టింది. ఎదురింటి కిటికీలో టీవీ వెలుగు నీలంగా ఆడుతోంది. వదిన నవ్వు వీధి దాటి వచ్చింది. పక్కన తను లేకుండా వదిన నవ్వగలదని గుండీలమ్మ ఎప్పుడూ అనుకోలేదు. చాలా బాధేసింది. ఆ బాధని వెంటనే కోపంగా మార్చేసుకుంది, ఆ విద్య ఆమెకి బాగా వచ్చు.

"ఉండు, రుజువు చేస్తా," అనుకుంది. పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. కొత్త కెప్టెన్ యూనిఫాం అచ్చంగా కుట్టి సమావేశానికి పట్టుకెళ్తుంది. ఇది ఒక్క మనిషి వేసుకోగలిగే బట్ట కాదని అందరి ముందూ తేలుస్తుంది. అప్పుడు వదిన ఏమంటుందో చూద్దాం! ఆ వారమంతా పని పక్కన పెట్టి బూడిద రంగు మెరుపు గుడ్డ మీద కూర్చుంది. తెరలో చూసిన బిగువు చూసినట్టే తెచ్చింది, చంకల దగ్గర పిసరంత వదులు కూడా వదల్లేదు. మళ్ళీ శుక్రవారం మధ్యాహ్నానికి తయారైంది. వేసి చూసుకుంది.

చెయ్యి అందలేదు. అందకూడదు కూడా, అదే కదా రుజువు! అక్కడితో ఆగితే గెలిచేది. కానీ అందని జిప్పుని చూసి ఊరుకుంటే ఆమె గుండీలమ్మ ఎలా అవుతుంది? జిప్పు లాగే రన్నర్‌కి పొడుగాటి నాడా కట్టి, భుజం మీంచి ముందుకి వేసి, రెండు చేతులా పట్టి లాగింది. జిప్పు సర్రున మెడదాకా వచ్చింది. "నా చేతులు నాకున్నాయి!" అని అద్దంలోకి చూసి గెంతింది. గెలిచిన ఆనందంలో తన వాదం తనే ఓడగొట్టిన సంగతి గమనించలేదు.

ఇక విప్పుదామని చూస్తే జిప్పు కదల్లేదు. మెడ దగ్గర లైనింగ్ నమిలేసింది. గట్టిగా గుంజితే నాడా ఊడి చేతికొచ్చింది. చంకలు బిగువు కాబట్టి చేతులు పైకి లేవవు, తల మీంచి తీయడానికి వీల్లేదు. పోనీ ముందు వైపు కత్తిరిద్దామంటే, బాగున్న బట్ట మీద ఆమె జన్మలో కత్తెర పెట్టలేదు. తను తవ్విన గోతిలో తనే పడింది, అదీ కొలతలు తీసుకుని మరీ తవ్విన గోతిలో.

ఇంతలో పోస్టాఫీసులో పనిచేసే ఆవిడ తన కోటు కోసం వచ్చింది. గుండీలమ్మని పైనుంచి కింది దాకా చూసింది.

"బాగుందండీ," అంది మర్యాదగా.

"అమ్మా, కాస్త ఈ..." అని గుండీలమ్మ మొదలుపెట్టింది. జిప్పు అన్న మాట గొంతు దాకా వచ్చి అక్కడే చిక్కుకుంది. "ఈ అద్దంలో చూసుకోండి. పొడవు సరిపోయిందా?"

సరిపోయింది. ఆవిడ వెళ్ళిపోయింది. ఒక్క క్షణం పని, అడగడానికి నోరు రాలేదు. తన మీద తనకే చిరాకేసింది. సాయంత్రమయ్యేసరికి ఎదురింటి కిటికీలో నీలం వెలుగు వచ్చింది. ఈ బట్టలోంచి బయటపడే దారి ఒక్కటే ఉందని, అది వీధికి అవతల ఉందని గుండీలమ్మకి అర్థమైంది.

తలుపు అన్నయ్య తీశాడు. చెల్లెలి వంక నిదానంగా చూశాడు. "లోపలికి దయచేయండి కెప్టెన్ గారూ," అని వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

వదిన చూసింది. నవ్వు ఆపుకోవాలని మూతి బిగించింది గానీ, స్కూలు బస్సు హారన్‌లా పగలబడి నవ్వింది.

"వదినా, ఇరుక్కుపోయా. జిప్పు తియ్యి," అంది గుండీలమ్మ. అనేశాక, అంత కష్టమేమీ కాలేదని అనిపించింది.

"తీస్తా. ముందు కూర్చో. పోయినవారం నువ్వు చూడంది పెడతా, అది చూశాకే."

కూర్చుంది. ఆ బట్టలో సరిగ్గా కూర్చోవడానికి కూడా లేదు, రాచఠీవితో నిటారుగా కూర్చుంది. టీవీలో నౌకలో తెల్లవారింది. కొత్త కెప్టెన్ గది తలుపు తీసుకుని నడవలోకొచ్చి, వీపు చూపిస్తూ నిలబడింది. ఇంజనీరొచ్చాడు. ముందు రోజే ఇద్దరూ కొట్టుకు చచ్చేంత పోట్లాడుకున్నారు. మాట్లాడకుండా వచ్చి జిప్పు పైకి లాగి, సరిగ్గా పడిందో లేదో వేలితో తడిమి, తన వీపు ఇటు తిప్పాడు. ఆమె లాగింది. నడవంతా అంతే, ఒకరి వెనక ఒకరు. పాత నౌకలో ఒకడు ఒంటరిగా తొడుక్కుంటే భుజం దగ్గర గుండీ సరిగ్గా పడక, బయటి శూన్యంలో ప్రాణం పోయిందట. అందుకే ఈ నౌకలో ఎవరి బట్టలు వాళ్ళే ఒంటరిగా తొడుక్కోకూడదని నియమం.

వదిన ఓరకంట చూసింది.

"ఏమంటావ్?"

"ఏమంటా? ఆ ఇంజనీరు జిప్పు వంకరగా కుట్టారు," అంది గుండీలమ్మ. "ఆ చీకటి మాత్రం నేను ఎప్పటికీ క్షమించను. ఇక తియ్యి, ఊపిరాడటం లేదు."

వదిన కళ్ళద్దాలు పెట్టుకుని, లైనింగ్‌ని పోగు పోగుగా విడిపించింది. "లిఫ్టు తాడు ఇంకా మార్చలేదు," అన్నాడు అన్నయ్య నిద్రలో.

సమావేశం రోజు పొద్దున వీధిలో వాళ్ళు ఒక వింత చూశారు. ఇటు నుంచి గుండీలమ్మ, అటు నుంచి వదిన, ఇద్దరూ మెరుపు బట్టల్లో, వీపులు తెరుచుకుని వీధిలోకొచ్చారు. లోపల బనీన్లు ఉన్నాయి కాబట్టి పరువు దక్కింది. వదినది ఇంజనీరు యూనిఫాం. దానికి గుండీలమ్మ కొలతలు అడగలేదు, ఇన్నేళ్ళు పక్కన కూర్చున్న మనిషి కొలతలు ఎవరికి తెలియవు? చంకల దగ్గర ఈసారి వదులు వదిలింది. వీధి మధ్యలో కలుసుకున్నారు. అటుగా వచ్చిన సైకిలాయన దిగి దారిచ్చాడు.

"ముందు నాది," అని గుండీలమ్మ వీపు తిప్పింది.

వదిన జిప్పు లాగి, మెడ దగ్గర వేలితో తడిమి చూసింది. "పడింది."

"థాంక్స్ వదినా."

"ఏంటీ? ఏమన్నావ్? ఇంకోసారి అను, వినబడలేదు!"

"వినబడింది నీకు. తిరుగు, నీది పెడతా."