మూత కింద అగ్గిపుల్ల

మా మామయ్య పోయారు. నాలుగు రోజులు సూర్యాపేట దవాఖానలో ఉండి, మొన్న ఆదివారం పొద్దున టీ తాగే వేళకు కన్నుమూశారు. మిర్యాలగూడ రైసు మిల్లుల్లో ఆయనతో పనిచేసినవాళ్లు ఆయన గురించి నాకన్నా మంచి మాటలు చెప్పగలరు. కోడలిగా నేను మాత్రం ఒక చెక్కపెట్టె గురించే చెప్పాలి. చెప్పకపోతే నా మనసు ఊరుకోదు.

మిల్లుకు మిషన్ వచ్చినప్పుడు దాని చుట్టూ కొట్టిన దేవదారు పలకలతో వడ్రంగి చేసిచ్చిన పెట్టె అది. మామయ్య అందులో చుట్టలు దాచేవారు. ఎండిపోకుండా మూలన తడిగుడ్డ ముక్క పెట్టేవారు. నేను కోదాడ నుంచి కాపురానికొచ్చిన మొదటి వారమే ముక్కు మూసుకున్నాను. ఆరేసిన చీరలకు కూడా అదే కంపని సణగని రోజు లేదు. నేను సణిగినప్పుడల్లా ఆయన పెట్టె చంకలో పెట్టుకొని గేటు బయటికి జరిగేవారు.

నిరుడు డాక్టరు ఒక్క మాట చెప్పగానే చుట్ట మానేశారు. ఖాళీ పెట్టె తెచ్చి నా ముందు పెట్టారు.

"ఇన్నేండ్లు నా సుట్ట కంపు వడ్డవ్. నీ పెండ్లి సీర ఈ పెట్టెల వెట్టుకో బిడ్డా, పురుగు ముట్టది."

"ఈ వాసనలోనా మామయ్యా? చీర పాడైపోద్ది" అన్నాను.

ఊరికే అని ఊరుకోలేదు. ఆయన లేని పూట చూసి, ఆ పెట్టెను వేడినీళ్లతో, సర్ఫుతో కడిగిపారేశాను. చెక్క ఉబ్బింది, మూత పట్టలేదు, వాసన రెండింతలైంది. ఆయన వచ్చి పలకల మీద చెయ్యి తిప్పి చూశారు. తిడతారనుకున్నాను.

"కట్టెకు నీళ్లు తాపితె వాసన లోపటికి పోతది. దీనికి గాలి తాపాలె. జర ఓపిక వట్టాలె" అన్నారంతే.

ఇక అదే ఆయన పని అయింది. ఎండలో పెడితే పగులుతుందని వరండాలో తన మంచం పక్కన నీడన ఆరబెట్టారు. లోపల గరుకు కాగితంతో మెల్లగా రుద్ది, పొడి గుడ్డతో తుడిచారు. ఇస్త్రీ బండి దగ్గర బొగ్గులు అడిగి తెచ్చి, పాత బనియన్ గుడ్డలో మూట కట్టి లోపల ఉంచారు. గాలి ఆడేలా మూత కింద ఒక అగ్గిపుల్ల పెట్టారు. చుట్ట ముట్టించే పుల్లకు ఇప్పుడు ఇదీ ఉద్యోగం అని నవ్వారు.

బొగ్గులు మార్చినప్పుడల్లా పెట్టె నా దగ్గరికి తెచ్చేవారు. "నా ముక్కు ఎప్పుడో ఖతమైంది. నువ్వు సూడు, పోయిందా? నువ్వు పోయిందన్ననాడు ఈ పుల్ల తీసేస్త."

ప్రతిసారీ వాసన చూశాను. నిజంగానే ఉండేది. చివరిసారి మాత్రం చూడలేదు. బెండకాయలు కోస్తూ, ఫోన్ భుజానికి నొక్కిపెట్టి మా చెల్లెలితో మాట్లాడుతున్నాను. ఆయన మూత తెరిచి పట్టుకొని నిలబడ్డారు. నేను వంగనైనా వంగకుండా "ఇంకా ఉంది మామయ్యా" అనేశాను.

"సరే తీ. ఇంకో మూట కడ్త."

రెండు రోజులకే ఛాతీలో నొప్పి వచ్చింది. దవాఖానలో కూడా "పెట్టె మీద జల్లు పడకుండ సూడు బిడ్డా" అన్నారు. చూడకుండానే చెప్పానని అప్పుడైనా ఒప్పుకోవాల్సింది. ఇంటికొచ్చాక చెప్పొచ్చులే అనుకున్నాను.

దినాలు అవుతుండగా ఇస్త్రీ అతను చిన్న సంచితో వచ్చాడు. "తాత బొగ్గులు పక్కకు వెట్టుమన్నడమ్మా. మా కోడలు ముక్కు మంచిది, ఆమె ఊ అనేదాంక ఇడువనన్నడు."

అతను వెళ్లాక పెట్టె తెరిచి తల లోపలిదాకా వంచాను. చుట్ట వాసన లేదు. ఒట్టి కొయ్య వాసన. ఆ చివరి మూటతో పోయిందో, నేను వంగకుండా ఉందన్ననాటికే పోయిందో నాకు తెలియదు.

"పోయింది మామయ్యా" అన్నాను, పైకే.

చీర ఇంకా బీరువాలోనే ఉంది. పెట్టె ఆయన మంచం పక్కన, అదే నీడలో ఉంది. మూత కింద అగ్గిపుల్ల అలాగే ఉంది.